నవోదయా, గురుకులమా, పెద్ద ప్రైవేటు బడా? తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలు నాలుగు, ఐదు తరగతుల్లో ఉండగా మొదలయ్యే సందేహాలివి. ఇక్కడ చెప్పినవి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు వర్తిస్తాయి. తేదీలు, వయసు హద్దులు ఏటా మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషన్ ఏం చెబితే అదే ఖాయం.

మా ముందున్న దారులేమిటి?

డబ్బు పెట్టి చేరే బడులు ఒకవైపు ఉన్నాయి: ఇంటర్నేషనల్ స్కూళ్లు, పేరున్న పాత బోర్డింగులు, టెక్నో అనీ ఒలింపియాడ్ అనీ బోర్డులు పెట్టే కార్పొరేట్ బడులు. పరీక్ష రాసి గెలవాల్సిన ప్రభుత్వ బడులు మరోవైపు: జవహర్ నవోదయ విద్యాలయాలు, రాష్ట్ర గురుకులాలు, మోడల్ స్కూళ్లు, కొంత ఫీజు ఉన్నా సైనిక్ స్కూళ్లు. కేంద్రీయ విద్యాలయాలను చాలామంది ఈ జాబితాలో కలిపేస్తారు గానీ అక్కడ ఒకటో తరగతికి పరీక్ష ఉండదు. కేంద్ర ఉద్యోగుల పిల్లలకు మొదటి ప్రాధాన్యం, విద్యాహక్కు చట్టం కింది 25 శాతం సీట్లకు లాటరీ.

మూడో దారి ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూలు. దాన్ని లెక్కలోకి తీసుకోకుండానే చాలా ఇళ్లలో నిర్ణయం జరిగిపోతుంది. దానికున్న లాభాలు కొన్ని కింద వేరే ప్రశ్నలో ఉన్నాయి.

ఫలానా బడిలో అందరికీ మంచి ర్యాంకులు వస్తున్నాయి. అంటే అది మంచి బడే కదా?

ఆ ర్యాంకుల్లో బడి వాటా ఎంత, పిల్లలు వచ్చేటప్పుడే తెచ్చుకున్నది ఎంత అన్నది తేల్చకుండా ఆ మాట అనలేం. ఒక జిల్లాలో పరీక్ష రాసిన వేలమందిలోంచి 80 మందిని ఏరి తెచ్చుకున్న బడిలో పదో తరగతి ఫలితాలు బాగుండకపోతే ఆశ్చర్యపోవాలి. ఏటా లక్షల్లో ఫీజు కట్టగల ఇళ్ల పిల్లలకు ఇంట్లో పుస్తకాలు, ట్యూషన్, చదువుకున్న తల్లిదండ్రులు ముందే ఉంటారు.

అమెరికాలో బోస్టన్, న్యూయార్క్ నగరాల ఎంట్రన్స్ బడుల మీద అబ్దుల్‌కదిరోగ్లు, ఆంగ్రిస్ట్, పాఠక్ అనే ఆర్థికవేత్తలు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. కటాఫ్‌కు కొంచెం పైన నిలిచి సీటు తెచ్చుకున్న పిల్లలనూ, కొంచెం కింద ఆగిపోయి మామూలు బడికి వెళ్లినవారినీ పోల్చి చూశారు. తర్వాతి పరీక్షల మార్కుల్లో వారి మధ్య తేడా చాలా స్వల్పం.

మన దగ్గరే జరిగిన అధ్యయనం ఇంకొకటి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరికి లాటరీ తీసి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆ ఫలితాలను 2015లో ప్రచురించారు. నాలుగేళ్ల తర్వాత కూడా తెలుగు, లెక్కల్లో రెండు వర్గాల మధ్య తేడా కనబడలేదు. ప్రైవేటుకు వెళ్లిన పిల్లలు హిందీలో మాత్రం ముందున్నారు. అవి చిన్న ఫీజుల పల్లె బడులు కాబట్టి, నగరంలో లక్షలు తీసుకునే బడికి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు అంటగట్టలేం. అయినా ప్రైవేటు అనగానే చదువు దానంతటదే పెరుగుతుందన్న నమ్మకాన్ని అది గట్టిగానే కదిపింది.

అందువల్ల బడివాళ్లను టాపర్ల సంగతి అడిగి లాభం లేదు. చేరినప్పుడు మధ్యస్థంగా ఉన్న పిల్లలు మూడేళ్లకు ఎక్కడికి చేరారో అడగండి. మధ్యలో ఎంతమంది వెళ్లిపోయారు, తొమ్మిదో తరగతికి ముందు ఎవరినైనా మెల్లగా సాగనంపుతారా అన్నదీ అడగండి. వెనకబడిన పిల్లలకు టీసీ ఇచ్చి నూరు శాతం ఫలితాలు చూపించే బడులు లేకపోలేదు.

ప్రైవేటు బడి ఖర్చు చివరికి ఎంత తేలుతుంది?

చాలామంది మొదటి ఏడాది ఫీజు చూసి సరే అనుకుంటారు. చూడాల్సింది చివరి ఏడాది ఫీజు. ఆరో తరగతిలో రూ.1.5 లక్షలతో మొదలై ఏటా 10 శాతం పెరిగితే పన్నెండో తరగతిలో ఒక్క ఏడాదికే దాదాపు రూ.2.66 లక్షలు. ఏడేళ్ల మొత్తం దాదాపు రూ.14.23 లక్షలు. బస్సు, యూనిఫాం, పుస్తకాలు, ట్రిప్పులు, వార్షికోత్సవం కోసం ఇంకో ఐదోవంతు కలుపుకుంటే రూ.17 లక్షలు దాటుతుంది. ఇంటర్ కోచింగ్ ఇందులో లేదు. ఇద్దరు పిల్లలుంటే రెట్టింపు.

మేం వాడే కొలత ఇది: పిల్లలందరి బడి ఖర్చూ కలిపి చేతికొచ్చే ఆదాయంలో 15 శాతం దాటకూడదు, పన్నెండో తరగతి ఫీజు ఈరోజు జీతంతోనైనా కట్టగలిగి ఉండాలి. ఈ రెండూ కుదరకపోతే జీతం పెరుగుతుందన్న ఆశ మీద చేర్పించకండి. జీతం పెరగని సంవత్సరం ఉండొచ్చు గానీ ఫీజు పెరగని సంవత్సరం అరుదు.

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త అవసరం. ఈఎంఐలో ఫీజు కట్టడమంటే ఫైనాన్స్ కంపెనీ దగ్గర మీ పేరు మీద అప్పు తీసుకోవడమే. నడుమ బడి మానిపించినా వాయిదాలు ఆగవు. బడి నుంచి డబ్బు వెనక్కి రాబట్టుకోవడం మీ తలనొప్పి. రెండోది, ఒకేసారి పెద్ద డిపాజిట్ కడితే ఏటా ఫీజు ఉండదని చెప్పే పథకాలు. బడి మూతపడినా చేతులు మారినా ఆ డబ్బుకు పూచీ ఉండదు. వాటి జోలికి వెళ్లొద్దు.

పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు వరకు రూ.1.5 లక్షల పరిమితిలో మినహాయింపు ఉంటుంది. డొనేషన్, డెవలప్‌మెంట్ ఫీజు, బస్సు చార్జీ అందులోకి రావు. కొత్త విధానంలో అదీ లేదు. రసీదులో ట్యూషన్ ఫీజును విడిగా చూపించమని మొదట్లోనే అడిగి పెట్టుకోండి.

నవోదయ పూర్తిగా ఉచితమేనా?

చదువు, వసతి, భోజనం, యూనిఫాం, పుస్తకాలు ఉచితం. తొమ్మిది నుంచి పన్నెండు వరకు విద్యాలయ వికాస్ నిధి పేరుతో నెలకు రూ.600 తీసుకుంటారు. బాలికలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల పిల్లలు అది కట్టనక్కర్లేదు. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు నెలకు రూ.1,500, లేదా వారు పొందే పిల్లల చదువు భత్యం, ఏది తక్కువైతే అది.

పెట్టె, పరుపు, దుప్పట్లు, సెలవులకు రానుపోను చార్జీలు, నెలకోసారి చూసిరావడానికి అయ్యే ఖర్చు మీవే. కూలికి వెళ్లే కుటుంబానికి చూసిరావడమంటే ఒక రోజు కూలి పోవడం కూడా.

డబ్బుతో కొలవలేని ధర ఒకటుంది. పదీ పదకొండేళ్ల పిల్లలు ఇల్లు విడిచి ఉండాలి. తొమ్మిదో తరగతిలో దాదాపు 30 శాతం మందిని ఏడాది పాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయకు పంపుతారు. హిందీ రాష్ట్రానికి పంపారని అప్పుడు గాభరాపడే తల్లిదండ్రులు ఎక్కువే. చేర్పించే ముందే పిల్లకు ఈ సంగతి చెప్పి ఉంచాలి.

నవోదయ పరీక్ష ఎలా ఉంటుంది? కోచింగ్ తప్పదా?

ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. ప్రశ్నకు 1.25 మార్కులు. తప్పు రాస్తే మార్కులు తగ్గవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు.

మేధాశక్తి విభాగంలో 40 ప్రశ్నలు, 50 మార్కులు. బొమ్మల పోలికలు, అద్దంలో ప్రతిబింబం, కాగితం మడిచి చిల్లు పెడితే విప్పాక ఎలా కనబడుతుంది వంటి పది రకాలుంటాయి, ఒక్కో రకానికి నాలుగు ప్రశ్నలు. లెక్కల్లో 20, భాషలో 20, చెరో 25 మార్కులు. భాషలో నాలుగు పేరాలు ఇచ్చి ఒక్కోదానికి ఐదేసి ప్రశ్నలు అడుగుతారు. తెలుగులోనే రాయొచ్చు.

సగం మార్కులు బొమ్మలవే. ఈ పది రకాలను ఐదో తరగతి పాఠాల్లో ఎవరూ నేర్పరు. అందుకే కోచింగ్ సెంటర్ల పిల్లలు ముందుంటారు. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు, అలవాటు కావాలంతే. ఇంట్లో రోజుకు ఒక రకం చొప్పున పది రోజులు పరిచయం చేయండి. తర్వాత రోజూ 20 బొమ్మలు, 10 లెక్కలు, ఒక పేరా చొప్పున మూడు నాలుగు నెలలు చేయించండి. ఆఖరి నెలలో వారానికి రెండు పూర్తి పరీక్షలు, గడియారం పెట్టి, ఓఎంఆర్ షీటు మీద పెన్నుతో. చాలామంది పిల్లలకు జవాబు తెలిసీ మార్కు పోయేది వరస తప్పి గడి నింపడం వల్లే. 23వ ప్రశ్న వదిలేసి 24 జవాబును 23 గడిలో పెడితే అక్కణ్నుంచి అన్నీ తప్పే.

లెక్కల్లో భిన్నాలు, దశాంశాలు, క.సా.గు., గ.సా.భా., శాతాలు, లాభనష్టాలు, చుట్టుకొలత బాగా రావాలి. శాతాల దగ్గర ఎక్కువమంది ఆగిపోతారు.

ఈ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. ఐదో తరగతి మళ్లీ చదివి రెండోసారి రాసే వీల్లేదు. ఆరులో రాకపోతే తొమ్మిదో తరగతిలో ఖాళీ సీట్లకు వేరే పరీక్ష ఉంటుంది. సీట్లు కొద్దే.

దరఖాస్తులు ఎక్కడ దెబ్బతింటాయి?

ఎక్కువగా మూడు చోట్ల. ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, బడి రికార్డులో ఇంకొకటి. మూడో తరగతిలో ఉండగానే సరిచేసుకుంటే సులువు, ఎంపికయ్యాక సరిచేయించబోతే సీటుకే ఎసరొస్తుంది. రెండోది జిల్లా: పిల్ల ఐదో తరగతి ఏ జిల్లాలో చదువుతోందో అదే జిల్లాలో నివాసమూ ఉండాలి, అక్కడి నవోదయకే దరఖాస్తు చేయాలి. జిల్లాల విభజన తర్వాత సరిహద్దు మండలాల్లో ఈ పొరపాటు ఎక్కువైంది. మూడోది గ్రామీణ కోటా. మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంతపు బడిలో చదివి ఉండాలి. ఈ మూడింటిలో ఒక్కరోజు పట్టణ బడిలో చదివినా అర్బన్ కిందికే వస్తారు. ఇల్లు పల్లెలో ఉండి బస్సులో పట్నం బడికి వెళ్లే పిల్లలు కూడా అర్బన్ అభ్యర్థులే.

పరీక్ష రాసే భాషను దరఖాస్తులోనే ఎంచుకోవాలి. నెట్ సెంటర్‌లో నింపించేటప్పుడు ఇంగ్లిష్ అని టిక్ పడిపోయి, తెలుగులో సిద్ధమైన పిల్ల చేతికి ఇంగ్లిష్ పేపరొస్తుంది. ప్రింటు తీయించుకుని అక్కడే చదవండి.

పట్నంలో ఉంటూ పల్లె బడిలో పేరు రాయించి గ్రామీణ కోటాలో రాయిస్తున్నారు. మేమూ అలా చేస్తే తప్పేమిటి?

తప్పే. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు కేటాయించింది ఇటువంటి పోటీ నుంచి వారిని కాపాడటానికే. 1986 జాతీయ విద్యావిధానంలో ఈ బడుల ఉద్దేశమే పల్లె పిల్లలకు వారి కుటుంబ స్థోమతతో నిమిత్తం లేకుండా మంచి చదువు అందించడం. కోచింగ్ సెంటర్ హాస్టల్లో ఉంటూ హాజరు పట్టీలో మాత్రం పల్లె బడి పిల్లాడిగా కనబడటమంటే, ఆ బడిలో నిజంగా కూర్చున్న పిల్లాడి సీటును కాగితాలతో తీసుకోవడమే.

నష్టభయం కూడా చిన్నది కాదు. ధ్రువపత్రం తప్పని తేలితే ప్రవేశం ఎప్పుడైనా రద్దు చేయొచ్చు. సంతకం పెట్టిన హెడ్మాస్టరూ ఇరుక్కుంటారు. ఇప్పుడు విద్యార్థి వివరాలు ఆన్‌లైన్‌లో ఏడాదివారీగా నిలిచిపోతున్నాయి, వెనక్కి తిరిగి చూడటం తేలికైంది. అర్బన్ అభ్యర్థిగా రాయించండి. పోటీ గట్టిగానే ఉంటుంది, అయినా అది మీ వరస.

మేం కాస్త ఉన్నవాళ్లం. పిల్ల నిజాయతీగా రాసి నవోదయ సీటు తెచ్చుకుంటే పేదల సీటు లాక్కున్నట్టా?

ఈ ప్రశ్నకు ఏకాభిప్రాయం లేదు, మా అభిప్రాయం చెబుతాం. నవోదయకు ఆదాయ పరిమితి లేదు. నియమం ప్రకారం వచ్చిన సీటు తీసుకోవడంలో దొంగతనమేమీ లేదు. చదువుకున్న, అడగగలిగిన తల్లిదండ్రులు ప్రభుత్వ బడిలో ఉంటే భోజనం బాగాలేదనో ఉపాధ్యాయుడు రావడం లేదనో నోరెత్తేవారు ఉంటారు. ఉన్నవాళ్లంతా వెళ్లిపోయిన బడిలో ఫిర్యాదు చేసేవారూ వెళ్లిపోయినట్టే. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ అధికారులు, ప్రజాప్రతినిధుల పిల్లలు ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోనే చదవాలని ఆదేశించడం వెనక ఉన్న తర్కం అదే. ఆచరణలో అది ముందుకు సాగలేదనుకోండి.

ఒక సందర్భంలో మాత్రం వదులుకోమనే చెబుతాం. పిల్లకు వెళ్లడం ఇష్టం లేదు, మీకు వేరే మంచి బడికి స్థోమత ఉంది, పేరు కోసం చేర్పించి ఆగస్టులో వెనక్కి తెచ్చుకుంటామేమో అనిపిస్తే మొదట్లోనే కాదనేయండి. అప్పుడు వెయిటింగ్ లిస్టులో ఉన్న పిల్లకు సమయానికి కబురు వెళుతుంది.

ఎంట్రన్స్ కన్నా లాటరీ న్యాయం కాదా?

ఎంట్రన్స్ పిల్ల తెలివిని కొలుస్తుంది, ఆ ఇంటి వనరులనూ కొలుస్తుంది. రెంటినీ వేరుచేసే తూనిక ఎవరి దగ్గరా లేదు. లాటరీలో పలుకుబడి పనిచేయదు, కోచింగ్ పనిచేయదు. అయితే వేగంగా నేర్చుకునే పేద పిల్లకు తన తెలివితో గెలుచుకునే దారి అందులో మూసుకుపోతుంది. పల్లెల్లో నవోదయకు ఉన్న గౌరవమంతా ఆ దారి ఉండటం వల్లే.

కాబట్టి పరీక్ష ఉండాలా వద్దా అన్నదానికన్నా దాని చుట్టూ ఏం కట్టారన్నది ముఖ్యం. మాతృభాషలో రాయనివ్వడం, గ్రామీణ వాటా, బాలికలకు మూడోవంతు, జిల్లా జనాభాను బట్టి ఎస్సీ, ఎస్టీలకు, 27 శాతం ఓబీసీలకు సీట్లు, ఒకటే అవకాశం. ఈ చివరిది కఠినంగా కనబడుతుంది గానీ నిజానికి డబ్బున్నవారు రెండు మూడేళ్లు కోచింగ్ ఇప్పించి మళ్లీ మళ్లీ రాయించకుండా అడ్డుకునేది అదే. కోచింగ్ మొదలుపెట్టే వయసును అది మూడో తరగతికి దించడం మాత్రం దాని చేదు ఫలం.

గురుకులాలకు, నవోదయకు తేడా ఏమిటి?

నల్లగొండ ప్రాంతంలోని సర్వేలులో 1971లో మొదలైన గురుకుల పాఠశాల ఈ పరంపరకు ఆద్యం, నవోదయల కన్నా పాతది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, సాధారణ గురుకులాల్లో ఐదో తరగతికి ఉమ్మడి పరీక్ష పెడతారు. నాలుగో తరగతి స్థాయిలో 100 మార్కులకు: తెలుగు 20, ఇంగ్లిష్ 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మేధాశక్తి 10. ఇక్కడ బొమ్మల వాటా పదోవంతే, బడి చదువుకే ఎక్కువ విలువ. కోచింగ్ లేని పిల్లకు నవోదయ కన్నా ఈ పేపరు అనుకూలం.

ఆదాయ పరిమితి ఉంటుంది. తెలంగాణలో గ్రామాల్లో ఏడాదికి రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. ఆదాయ, కుల ధ్రువపత్రాలు ముందే తీసిపెట్టుకోండి. ప్రవేశాల సమయంలో మీసేవ దగ్గర రద్దీ ఎక్కువ.

ఒక గురుకులానికీ ఇంకో గురుకులానికీ హస్తిమశకాంతరం తేడా ఉంటుంది. సొంత భవనమా అద్దె భవనమా అన్నది మొదట కనుక్కోవాలి. ఇంజినీరింగ్ కాలేజీ కోసం కట్టిన అద్దె భవనంలో ఆరువందల మంది పిల్లలుంటే మరుగుదొడ్ల దగ్గరే కష్టం మొదలవుతుంది. రాత్రిపూట వార్డెన్ లోపలే ఉంటారా, నర్సు ఉన్నారా, తాగునీళ్ల ప్లాంటు నడుస్తోందా చూడండి.

హాస్టల్ వద్దనుకునేవారికి మోడల్ స్కూలు మధ్యేమార్గం: ఇంగ్లిష్ మీడియం, ఆరో తరగతికి పరీక్ష, సాయంత్రానికి ఇంటికి. తెలంగాణలో 194 ఉన్నాయి.

సైనిక్ స్కూలు మాటేమిటి?

ఆంధ్రప్రదేశ్‌లో కోరుకొండది 1962 నాటిది, కలికిరిది 2014లో మొదలైంది. ఆరో తరగతి పరీక్షలో 125 ప్రశ్నలు, 300 మార్కులు, అందులో 150 లెక్కలవే. లెక్కలు రాని పిల్లను దీనికి పంపి బాధపెట్టొద్దు. తర్వాత వైద్య పరీక్ష ఉంటుంది. కంటిచూపు, చదునుపాదాల దగ్గర తిరస్కరణలు జరుగుతాయి, ముందే డాక్టరుకు చూపించండి. ఫీజు ఏడాదికి లక్ష దాటుతుంది. ఆదాయాన్ని బట్టి రాష్ట్ర స్కాలర్‌షిప్ ఉన్నా అది ఆలస్యమైతే ముందు కట్టాల్సింది మీరే.

పెద్ద ప్రైవేటు బడిలో ఉచిత సీటు దొరికే మార్గం ఉందా?

విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) ప్రకారం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీనవర్గాలకు ఇవ్వాలి. 2012లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది, 2014 తీర్పుతో మైనారిటీ బడులన్నిటికీ మినహాయింపు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తరగతికి ఆన్‌లైన్ దరఖాస్తు, లాటరీ. అనాథలు, దివ్యాంగులు, హెచ్‌ఐవీ బాధితుల పిల్లలకు 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, ఇతర బలహీనవర్గాలకు 6. తెలంగాణలో ఏళ్ల తరబడి ఈ కోటా ఆచరణలోకి రాలేదు, ఆ ఏడాది ఉత్తర్వు ఉందో లేదో చూసుకుని ముందుకెళ్లండి. అక్కడ ఎస్సీ, ఎస్టీ పిల్లలకు బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం ఉంది. జిల్లా స్థాయిలో లాటరీ తీసి, ఎంపిక చేసిన ప్రైవేటు బడుల్లో చేర్చి ప్రభుత్వం ఫీజు కడుతుంది. బకాయిలు పేరుకుంటే ఆ వేడి పిల్లలకే తగులుతుంది.

చట్టంలోని ఉచితం ఎనిమిదో తరగతితో ఆగుతుందన్నది ఎవరూ ముందుగా చెప్పని సంగతి. తొమ్మిదిలో పూర్తి ఫీజు అడుగుతారు. అప్పుడు ఎక్కడికి మార్చాలో ఏడో తరగతిలోనే ఆలోచించి పెట్టుకోండి.

అంత డబ్బున్న పిల్లల మధ్య మా పిల్ల చిన్నబుచ్చుకోదా?

కొంత తప్పదు. ఫీజు రాయితీ వచ్చినా పుట్టినరోజు పార్టీలు, విదేశీ ట్రిప్పులు, వేసవి సెలవుల కబుర్లకు రాయితీ ఉండదు. ట్రిప్పుకు రాని పిల్లల పేర్లు తరగతిలో చదువుతారా లేక విడిగా అడుగుతారా అన్నది కనుక్కోండి, ఆ బడి తీరు తెలిసిపోతుంది.

అవతలివైపు సంగతి ఆసక్తికరంగా ఉంటుంది. ఢిల్లీ ఖరీదైన బడుల్లో పేద పిల్లలను చేర్చుకున్నాక ఏం జరిగిందో గౌతమ్ రావు 2019లో ప్రచురించిన పరిశోధన చెబుతుంది. పేద సహవిద్యార్థులున్న ధనిక పిల్లల్లో ఉదారత పెరిగింది, పేదలపై వివక్ష తగ్గింది. లెక్కలు, హిందీ మార్కులు పడిపోలేదు, ఇంగ్లిష్ మార్కులు కొద్దిగా తగ్గాయి. పేద పిల్లలొస్తే ప్రమాణాలు కూలిపోతాయన్న యాజమాన్యాల వాదనకు ఇంతకన్నా సూటి జవాబు అక్కర్లేదు. హైదరాబాద్ పబ్లిక్ స్కూలు కూడా 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పుట్టిన కాలేజీయే. ఎవరిని లోపలికి రానివ్వాలన్నది ఎప్పుడూ మారుతూనే వచ్చింది.

జిల్లా పరిషత్ బడిలోనే ఉంచితే పోగొట్టుకునేదేనా, లాభం ఏమైనా ఉందా?

ఉంది, చాలామందికి తెలియదు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ (ప్రతిభ గల పేద పిల్లలకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్) పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏడాదికి రూ.12,000 చొప్పున నాలుగేళ్లలో రూ.48,000 వస్తుంది. తల్లిదండ్రుల ఆదాయం రూ.3.5 లక్షల లోపు ఉండాలి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలే అర్హులు. నవోదయ, కేంద్రీయ విద్యాలయ, ప్రభుత్వ వసతి గురుకులాల పిల్లలకు ఇది రాదు.

ఆర్జీయూకేటీల్లో, అంటే మనం ట్రిపుల్ ఐటీలనే చోట, ప్రవేశం పదో తరగతి ఫలితాల మీదే. వసతి లేని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు అదనపు పాయింట్లు కలుపుతారు: బాసరలో జీపీఏ ఉన్నప్పుడు దానికి 0.4 కలిపేవారు, ఆంధ్రప్రదేశ్‌లో 4 శాతం. గురుకులంలోనో ప్రైవేటులోనో చదివిన పిల్లకు ఈ ఊతం ఉండదు. పదిలో బాగా రాయగల పిల్ల ఊరి బడిలోనే ఉంటే ఆరేళ్ల ఇంజినీరింగ్ సీటుకు దగ్గరైనట్టే. లెక్కలు, సైన్సు ఉపాధ్యాయుల పోస్టులు ఖాళీగా ఉన్న బడి అయితే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. అది ముందు తేల్చుకోండి.

పిల్లను వేరే రాష్ట్రంలో బోర్డింగులో వేస్తే తర్వాత ఇబ్బందా?

వృత్తివిద్యా సీట్ల విషయంలో పెద్ద ఇబ్బందే. మెడికల్ ప్రవేశాలకు తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్లు రాష్ట్రంలో చదివితేనే స్థానికులన్న తెలంగాణ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. తెలంగాణవారికి ఆంధ్రప్రదేశ్ కూడా వేరే రాష్ట్రమే, మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ అయినా సరే. వైద్యవిద్య ఆలోచన ఉంటే ఎనిమిదో తరగతి తర్వాత తిరిగి తెచ్చుకోవడం క్షేమం. ఉద్యోగ బదిలీల వంటి మినహాయింపులకు మీరు వస్తారేమో ఆ ఏడాది నియమావళిలో చూడండి.

ఫీజు భారమై నడుమ ప్రభుత్వ బడికి మార్చాలంటే టీసీ ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదు. ఎనిమిదో తరగతి వరకు పిల్లను ముందు బడిలో కూర్చోబెట్టండి, టీసీ సంగతి మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఫీజు బాకీ వేరు, టీసీ వేరు. తొమ్మిది, పది తరగతుల్లో చట్టం రక్షణ ఉండదు, బోర్డు రిజిస్ట్రేషన్ చిక్కులూ ఉంటాయి. మార్చాలనుకుంటే ఎనిమిది పూర్తికాగానే మార్చేయడం మేలు.

ఇద్దరు పిల్లల్లో ఒకరికి నవోదయ వచ్చింది, ఇంకొకరికి రాలేదు. రెండోవారిని ప్రైవేటులో వేస్తే మొదటివారికి అన్యాయమా?

డబ్బు సమానంగా పెట్టకపోతే అన్యాయమన్న భావన ఇళ్లలో గొడవలకు మూలం. నవోదయ పిల్ల మీద మిగిలిన డబ్బును ఇంటర్ తర్వాతి చదువుకు ఆమె పేరునే వేసి, ఆ సంగతి ఇద్దరికీ తెలిసేలా చెప్పండి. ఆడపిల్లకు పదేళ్ల లోపే అయితే సుకన్య సమృద్ధి ఖాతా తెరవచ్చు, ఆ వయసు దాటితే పీపీఎఫ్ లేదా రికరింగ్ డిపాజిట్.

చాలా ఇళ్లలో కూతురికి ఉచిత గురుకులం, కొడుక్కి కార్పొరేట్ బడి అని ముందే పంచేసి, తర్వాత సీటు వచ్చింది కాబట్టి పంపామని చెబుతారు. కొడుకు చేత కూడా అదే పరీక్ష రాయించారా లేదా అన్నది చూస్తే నిజం తేలిపోతుంది.